కొత్త సెల్టోస్ కొనాలా వద్దా? మా ఐదు సెంట్ల లెక్క

పైన పెట్టిన వీడియో చూసినవాళ్లకి విషయం సగం తెలిసే ఉంటుంది. మేము షోరూంకి వెళ్లడం, నేను కారు డిక్కీలో కూరగాయల క్రేట్లు పెట్టి చూడటం, ఆ సేల్స్ అబ్బాయి మొహం అన్నీ అందులో ఉన్నాయి. కానీ వీడియోలో లెక్కలు చెప్తే ఎవరూ వినరు, ముందుకి జరిపేస్తారు. అందుకే లెక్కలు ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. తప్పుంటే చెప్పండి.

ముందు విషయం ఏంటంటే, మా ఇంట్లో కారు గొడవ సంక్రాంతికి మొదలైంది. మా అబ్బాయి పరవాడ ఫార్మా కంపెనీలో చేస్తాడు, పండక్కి వచ్చాడు. కొత్త కియా సెల్టోస్ అప్పటికి వచ్చి రెండు వారాలు. ఫోన్లో చూపించి "నాన్నా, ఇది పూర్తిగా మార్చేశారు, పాత బండి కాదిది" అన్నాడు. మాట నిజమే. 2019లో వచ్చిన మొదటి సెల్టోస్‌కి 2023లో మొహం మాత్రమే మార్చారు. ఈ 2026 జనవరిలో వచ్చింది కింద నుంచి పైదాకా కొత్తది. పొడవు 4,365 మిల్లీమీటర్ల నుంచి 4,460 అయింది. అంటే దాదాపు పది సెంటీమీటర్లు పెరిగింది. వెడల్పు మూడు సెంటీమీటర్లు పెరిగి 1,830 అయింది. చక్రానికీ చక్రానికీ మధ్య దూరం 2,610 నుంచి 2,690. వెనక సీట్లో కాళ్లు బాగా చాపుకోవచ్చు, అబద్ధం చెప్పను. వచ్చినప్పుడు మొదలు ధర ఎక్స్ షోరూం 10.99 లక్షలు. మావాడికి నచ్చింది ఆ మొదటి రకం కాదనుకోండి. మొదటి రకం ఎవరికీ నచ్చదు, నచ్చకూడదనే దాన్ని అలా చేస్తారని నా అనుమానం. వాడు చూపించింది ఆన్ రోడ్ వచ్చేసరికి 17 లక్షలు దాటింది.

షోరూం అబ్బాయి బాగా మాట్లాడాడు. "సార్, ఇది మన ఆంధ్రాలో తయారైన బండి" అన్నాడు. ఆ మాటకి నా మనసు కూడా కొంచెం మెత్తబడింది. నిజమే కదా, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం అయింది, 2019 ఆగస్టుకి మొదటి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చేసింది. అక్కడి నుంచి బయటికొచ్చిన మొదటి మోడలే సెల్టోస్. ఒకప్పుడు వేరుశనగ తప్ప ఇంకోటి పండదన్న అనంతపురం నేల అది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా అంటున్నాం.

కానీ మనం ప్రకృతి వ్యవసాయం వాళ్లం. అనంతపురం అంటే మనకి ఇంకో సంగతి గుర్తుకు రావాలి. వానలు పడకముందే నవధాన్యాలు చల్లి నేలని కప్పి ఉంచే పద్ధతి, అదే మన పీఎండీఎస్, ఆ కరువు నేలలోనే బాగా నిలబడింది. ఫ్యాక్టరీకి గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లొచ్చాయి. రైతు విత్తనానికి మట్టి, పేడ, బూడిద పట్టించి వేసి మంచు మీద, గాలిలో తేమ మీద ఆధారపడ్డాడు. ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది అని నేననడం లేదు. ఫ్యాక్టరీలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలున్నారు. కాకపోతే "మన ఆంధ్రా బండి" అన్నంత మాత్రాన మనం జేబు తీసేయక్కర్లేదు అంటున్నాను.

అలాగే "స్టీల్ ప్లాంట్ ఉన్న ఊళ్లో ఉండి ఉక్కు బండి కొనకపోతే ఎలాగండీ" అని కూడా ఎవరో జోకు వేశారు. మన ప్లాంట్ చేసేది రాడ్లు, వైర్ రాడ్లు, రౌండ్లు, స్ట్రక్చరల్స్. కారు ఒంటికి కావాల్సిన పల్చటి రేకు ఇక్కడ తయారవదు. అది వేరే ఫ్యాక్టరీల సరుకు. ఒక మాట మాత్రం నిజం. విశాఖలో రేకు ఏదైనా ఉప్పు గాలికి తుప్పు పట్టాల్సిందే. బీచ్ రోడ్డు వైపు, పోర్టు వైపు ఉండేవాళ్లని అడగండి. మాది ఆనందపురం మండలం, కొంచెం లోపలికి. మాకు ఆ బాధ తక్కువ.

ఇంక లెక్కలోకి వస్తాను.

17 లక్షల 20 వేల బండి. 5 లక్షల 20 వేలు చేతి నుంచి కట్టి, 12 లక్షలు లోను. 9 శాతం వడ్డీకి ఏడేళ్లు పెడితే నెలకి ఈఎమ్ఐ 19,300 వస్తుంది. ఏడేళ్లకి కట్టేది 16 లక్షల 20 వేలు దాటుతుంది. అంటే వడ్డీయే నాలుగు లక్షల పైన. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 14 కిలోమీటర్లు వచ్చిందనుకుంటే, 714 లీటర్లు. లీటరు 108 చొప్పున వేసుకున్నా 77 వేలు. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకి పక్కన పెట్టేది కలిపి 50 వేలు. ఈఎమ్ఐ ఏడాదికి 2 లక్షల 32 వేలు. మొత్తం కూడితే 3 లక్షల 59 వేలు. 365తో భాగిస్తే రోజుకి దాదాపు వెయ్యి రూపాయలు.

రోజుకి వెయ్యి! కారు షెడ్డులో ఉన్నా ఎనిమిది వందలకి దగ్గర దగ్గరే, పెట్రోలు ఒకటి తగ్గుతుంది అంతే. మన ఆవు రోజుకి ఎంత మేస్తుందో మనకి తెలుసు, పేడ ఎంత, మూత్రం ఎంత, పాలెన్ని అన్నీ తెలుసు. ఒక లీటరు పాలు తగ్గితే డాక్టర్ని పిలుస్తాం. ఏడేళ్లు తినే కారు విషయంలో మాత్రం "నెలకి పంతొమ్మిది వేలే కదా" అంటాం. నేను వంకాయలు కిలో 50కి అమ్ముతాను. ఆ వెయ్యి రూపాయలంటే రోజూ 20 కిలోల వంకాయలు. మాకున్న మూడున్నర ఎకరాల్లో రోజుకి 20 కిలోల వంకాయలు ఏడాది పొడుగునా రావు.

ఇక్కడ మా అబ్బాయి అసలు మాట బయటపెట్టాడు. "లోను ఎందుకు నాన్నా, రోడ్డు పక్క ముక్కలో ఐదు సెంట్లు తీసేద్దాం."

ఈ మాట మా వైపు రైతులకి కొత్త కాదు. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఆనందపురం, భీమిలి, పద్మనాభం వైపు సెంటు రేటు ఎక్కడికో పోయింది. 2025 అక్టోబరు 14న గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం అయింది. 15 బిలియన్ డాలర్లు అన్నారు. దానికి అనుకున్న స్థలాల్లో మా మండలం తర్లువాడ ఒకటి. అప్పటి నుంచి బ్రోకర్లు చద్దన్నం టైముకే గట్టు మీదికి వచ్చేస్తున్నారు. మా ముక్కకి సెంటు మూడు లక్షలు చెప్పాడొకాయన. ఐదు సెంట్లంటే 242 గజాలు, ఇల్లు కట్టుకోడానికి సరిగ్గా ఒక ప్లాటు. పదిహేను లక్షలు. కారు వచ్చేసినట్టే.

మీరు ఎప్పుడైనా మా వైపు వస్తే గమనించండి. ఊళ్లో పెద్ద కార్లు బాగానే ఉన్నాయి. ఎవర్నయినా అడగండి, పొలం పండించి కొన్న కారు ఎన్ని, పొలం అమ్మి కొన్న కారు ఎన్ని అని. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మా ఊళ్లో పదకొండు కార్లు. రెండు ఉద్యోగస్తులవి, ఒకటి కాంట్రాక్టరుది. మిగతా ఎనిమిదీ భూమి అమ్మిన డబ్బే. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు ఇప్పుడు అమ్మిన భూమి పక్కనే కౌలుకి చేస్తున్నారు. కారు మీద వచ్చి కౌలు పొలం చూసుకుంటారు. నవ్వొస్తుందా? నాకు రాదు, అందులో ఒకాయన నాకు వరసకి అన్నయ్య.

ఆ రోడ్డు పక్క ముక్క ఏంటో చెప్తాను, వీడియోలో పచ్చగా కనిపించేది అదే. 20 సెంట్లు, మన ఏటీఎం మోడల్. తోటకూర, పాలకూర, గోంగూర, ముల్లంగి, బీర పందిరి, గట్ల మీద కంది, మునగ. వారంలో మూడు రోజులు ఎంవీపీ కాలనీకి, సీతమ్మధారకి వెళ్లే సరుకులో సగం ఆ ముక్కలోదే. 2017లో మొదలుపెట్టినప్పుడు అక్కడ గునపం దిగేది కాదు. ఇప్పుడు చెయ్యి పెడితే మణికట్టు దాకా పోతుంది. నిరుడు ఖర్చులు పోను ఆ 20 సెంట్లు 92 వేలు ఇచ్చాయి. అందులో ఐదు సెంట్ల వాటా అంటే 23 వేలు.

అబ్బాయి దానికి కూడా జవాబు తెచ్చాడు. చదువుకున్నవాడు కదా. "నాన్నా, 15 లక్షలు బ్యాంకులో వేస్తే ఏడాదికి లక్ష వడ్డీ వస్తుంది. నీ ఐదు సెంట్లు ఇచ్చేది 23 వేలు." లెక్క ప్రకారం వాడిదే గెలుపు, నేను ఒప్పుకున్నాను. మీలో ఎంతమంది ఇళ్లల్లో పిల్లలు ఈ మాట అన్నారో నాకు తెలుసు. కానీ వాడు అమ్మమన్నది బ్యాంకులో వేయడానికి కాదు. వడ్డీ తెచ్చే డబ్బుగా మార్చి వెంటనే రోజుకి దాదాపు మూడు వందల యాభై తినే కారుగా మారుద్దామన్నాడు. (ఈఎమ్ఐ లేకపోయినా పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసు ఉంటాయి కదా, అదీ లెక్క. దానిపైన బండి విలువ ఏటా పడిపోయేది వేరే.) "బ్యాంకు లెక్క చెప్పి కారు కొనడం ఏంట్రా" అంటే నవ్వేశాడు.

ఇంక పన్ను సంగతి. ఇది మాత్రం రైతులందరూ తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. ట్రాక్టరుకి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. డ్రిప్పు, స్ప్రింక్లర్లకి కూడా 12 నుంచి 5. సరుకు మోసే బండికి 28 నుంచి 18. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని చిన్న కారుకి 18. ఇవి దాటిన కారుకి 40. సెల్టోస్ నాలుగున్నర మీటర్లకి దగ్గర్లో ఉంది కాబట్టి 40 శాతం బాపతు. ఇదివరకు సెస్సుతో కలిపి ఇంకా ఎక్కువ ఉండేది, అందుకే "ధర తగ్గింది" అని ప్రచారం. తగ్గింది నిజమే. కానీ ఇప్పటికీ ప్రభుత్వం మన దగ్గర డ్రిప్పు పైపు మీద తీసుకునే దానికి ఎనిమిది రెట్లు శాతం ఈ కారు మీద తీసుకుంటోంది. దాని మీద మన రాష్ట్రం లైఫ్ ట్యాక్స్. బండి పది లక్షలు దాటితే అక్కడా శ్లాబు మారిపోతుంది. ఎక్స్ షోరూం ధర చూసి సంబరపడొద్దు, ఆన్ రోడ్ కాగితం రాయించుకుని ఇంటికి తెచ్చుకుని చూడండి.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్. అది చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి వస్తోంది. కొత్త కార్లు దానికి తగ్గట్టే చేస్తున్నారు, ఇంజనుకి భయం లేదు. మైలేజీ మాత్రం కొంచెం తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇథనాల్ వల్ల మొక్కజొన్న రైతుకి గిరాకీ పెరిగిందంటే సంతోషమే. కానీ ఆ మొక్కజొన్న ఎలా పండుతోంది? మా పక్క విజయనగరం జిల్లాలో రబీ మొక్కజొన్న చూడండి, యూరియా బస్తాల మీద బస్తాలు. మన చేలో యూరియా వెయ్యనని ఒట్టు పెట్టుకుని, పక్కవాడి యూరియాని ట్యాంకులో పోసుకుని తిరగడం నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఇప్పుడు నడిపే మోటారు సైకిల్లోనూ అదే పోస్తున్నాను, కాబట్టి పెద్ద మనిషిలా మాట్లాడను. తక్కువ పోస్తే తక్కువ తప్పు, అంతే.

ఇప్పటిదాకా రాసింది చదివి మీరు "ఈయన కారంటేనే పడని మనిషి" అనుకోవచ్చు. కాదండీ. మా ఆవిడ మాట వినండి.

ఎనిమిదేళ్లుగా ఆవిడ తెల్లవారుజామున మూడున్నరకి లేచి ఆకుకూరలు కట్టలు కట్టి, నా బండి వెనక కూర్చుని, ఒళ్లో కరివేపాకు మూట పెట్టుకుని మధురవాడ, హనుమంతవాక మీదుగా ఎంవీపీ దాకా వస్తోంది. క్రేట్లు అద్దె ట్రాలీ ఆటోలో ముందు వెళ్తాయి. వానొస్తే తడుస్తుంది. నడుం నొప్పి వచ్చి రెండేళ్లయింది. "ఏవండీ, భూమికి మల్చింగు చేశారు, ఆవుకి షెడ్డు వేశారు. నాకు ఏటి చేశారు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఇంకోటి కూడా అంది. ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ మా ట్రాలీని బయట ఆపేసి, మా వెనక వచ్చిన కారుకి సెల్యూట్ కొట్టి పంపించాడు. సరుకు మాత్రం ఆ కారాయన కూడా మా దగ్గరే కొంటాడు. "మర్యాద కావాలంటే నాలుగు తలుపులుండాలి" అంది ఆవిడ.

ఇది కాదనలేని మాట. మనం ప్రకృతి వ్యవసాయం అని మీటింగుల్లో గొప్పగా చెప్పే పనిలో సగం పైగా ఆడవాళ్ల నడుం మీద నడుస్తోంది. జీవామృతం కలిపేది, కషాయం కాచేది, కలుపు తీసేది, కట్టలు కట్టేది వాళ్లే. ఖర్చు లేని వ్యవసాయం అంటే వాళ్ల కూలి లెక్కలో రాయకపోవడం కాదు కదా. కాబట్టి నాలుగు చక్రాల బండి కావాలి అన్న దగ్గర నేను ఓడిపోయాను. ఏ నాలుగు చక్రాలు అన్నదే మిగిలింది.

అందుకే క్రేట్లు పట్టుకుని షోరూంకి వెళ్లాను. సేల్స్ అబ్బాయి పాపం డిక్కీలో ప్లాస్టిక్ కవర్ పరిచాడు. కింద రెండు, మీద రెండు, నాలుగు క్రేట్లు పట్టాయి. క్రేటుకి 20 కిలోలు అనుకుంటే 80 కిలోలు. వెనక సీటు మడిస్తే ఇంకొన్ని పడతాయి. కానీ అప్పుడు మా ఆవిడ కోరిన ఆ సీటే ఉండదు. మా ఆదివారం సరుకు 400 కిలోలు. జీవామృతం డబ్బా ఒకటి అందులో పెట్టుకుని తర్లువాడ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆ కొత్త సీట్ల పని ఏమవుతుందో మీరే ఊహించుకోండి. టెస్ట్ డ్రైవ్ మాత్రం బాగుంది. మెత్తగా పోయింది. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని అద్దంలో చూసుకుని తల సర్దుకుంది, నేను చూడనట్టు ఊరుకున్నాను. మా వీధిలో మాత్రం ఎదురుగా ఎడ్ల బండి వస్తే ఆ వెడల్పుకి ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.

ఇంకో సంగతి, ఏ కంపెనీదైనా కొత్తగా డిజైన్ మార్చిన బండిని మొదటి ఏడాది కొనకపోవడం మంచిదని నా అభిప్రాయం. కొత్త విత్తనం వస్తే మనం మొత్తం ఎకరం వేసేస్తామా? ఒక మడిలో వేసి చూస్తాం. బండిలో మడి ఉండదు, అందుకని పక్కవాడి మడి చూడాలి. ఏడాది ఆగితే చిన్న చిన్న లోపాలు కంపెనీయే సర్దుతుంది. పాత మోడల్ వాడిన బండ్లు కూడా అప్పటికి చవకగా మార్కెట్లోకి వస్తాయి.

ఇంక ఇది రాయడానికి అసలు కారణం దగ్గరికి వస్తున్నాను. మా ఊళ్లో ఒక కుర్రాడు ఉన్నాడు. ఎకరంన్నర, బెండ, టమాటా వేస్తాడు, వారానికి రెండుసార్లు మందు కొడతాడు. మూడేళ్లుగా నా చేను చుట్టూ తిరుగుతున్నాడు, దిగడానికి ధైర్యం చాలడం లేదు. కారు సంగతి విని వచ్చి, "ఏటి మావా, కారు కొంతన్నావంట? నువ్వు కొను, నాను కూడా మందులు మానేస్తాను" అన్నాడు. అదే వారంలో వీడియోలు తీసే ఒకాయన ఫోన్ చేసి, "షోరూంలో తాళాలు అందుకునే షాట్ తీద్దాం గురువుగారూ, ప్రకృతి వ్యవసాయంతో కారు కొన్న రైతు అని పెడదాం, బాగా వెళ్తుంది" అన్నారు.

బాగా వెళ్తుంది, నాకూ తెలుసు. అలాంటివి రోజూ చూస్తూనే ఉన్నాం. ఎకరంలో పది లక్షలు, అర ఎకరంలో కారు. కానీ నా కారు వస్తే అది ప్రకృతి వ్యవసాయంతో రాదు. ఎయిర్‌పోర్టుతో వస్తుంది, గూగుల్‌తో వస్తుంది. ఐదు సెంట్ల మట్టి అమ్మిన డబ్బుతో వస్తుంది. దాని పక్కన నిలబడి నవ్వుతూ ఫోటో దిగితే, ఆ కుర్రాడు దాన్ని నమ్మి దిగితే, మొదటి ఏడాది దిగుబడి తగ్గినప్పుడు వాడు నన్ను ఏమంటాడు? మందులు మానేసిన మొదటి రెండేళ్లు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. కారు చూసి వచ్చినవాడు ఆ రెండేళ్లు నిలబడడు. మళ్లీ మందు డబ్బా ఎత్తుకుంటాడు, ఈసారి మనల్ని తిట్టుకుంటూ. మన పద్ధతికి పురుగు వల్ల కంటే ఇలాంటి వీడియోల వల్లే ఎక్కువ నష్టం జరుగుతోందని నా గట్టి నమ్మకం. కోపం వచ్చినవాళ్లు క్షమించండి.

వాడికి నా పద్దు పుస్తకం ఇచ్చాను. మూడున్నర ఎకరాలు, పాలు, కూరగాయలు, వరి అన్నీ కలిపి ఖర్చులు పోను నిరుడు నెలకి సగటున 28 వేలు. అందులో పెళ్లిళ్లు, ఆస్పత్రి, చీరలు అన్నీ. అప్పు లేదు, ఎరువుల కొట్లో ఖాతా లేదు. "ఇదేనా మావా?" అన్నాడు. ఇదే అన్నాను. రెండు రోజులు కనబడలేదు.

చివరికి మేము ఏం చేశామంటే, చిన్న సరుకు బండి తీసుకున్నాం. టాటా ఏస్ ప్రో, 2025 జూన్‌లో వచ్చినప్పుడు ధర ఎక్స్ షోరూం 3.99 లక్షల నుంచి మొదలు. 750 కిలోలు మోస్తుంది. మూడున్నర లక్షలు లోను, నాలుగేళ్లు, 11 శాతం, నెలకి 9,050. ఇందులో కూడా నేను గొప్ప లాభం చూపించను. అద్దె ట్రాలీకి ట్రిప్పుకి 900, వారానికి మూడు, ఏడాదికి 1 లక్షా 40 వేలు కట్టేవాళ్లం. సొంత బండికి ఈఎమ్ఐ, పెట్రోలు, ఇన్సూరెన్సు కలిపితే 1 లక్షా 95 వేలు అవుతోంది. అంటే మా సరుకు ఒక్కటే వేసుకుంటే నష్టమే! ఇంకో ఇద్దరు రైతుల సరుకు ట్రిప్పుకి 300 చొప్పున ఎక్కితే ఏడాదికి 93 వేలు వస్తాయి, అప్పుడు లెక్క కుదురుతుంది. ఆ ఇద్దరూ మాట ఇచ్చాకే బుక్ చేశాం. మీరు కూడా ఎవరైనా ఆలోచిస్తుంటే ఒంటరిగా కొనకండి. ఇంకో ఉపయోగపడే ముక్క, కారు లైసెన్సు ఉంటే చాలు, 7,500 కిలోల లోపు రవాణా బండి నడపచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. వేరే లైసెన్సు కావాలని ఎవరైనా భయపెడితే ఈ మాట చెప్పండి.

సెల్టోస్ ఎవరూ కొనొద్దని నేనట్లేదు. ఇంట్లో ఇద్దరికి జీతాలు వస్తుంటే, భూమి జోలికి పోకుండా కట్టగలిగితే, ముసలివాళ్లని దూరం తిప్పాల్సి ఉంటే కొనుక్కోండి, మంచి బండే. పొలం కాగితం బయటికి తీయాల్సి వస్తే మాత్రం ఆగండి.

మా ఆవిడ పూర్తిగా ఒప్పుకుందని చెప్పను. ముందు సీట్లో కూర్చుంటోంది, తడవడం లేదు, నడుం కొంచెం నయం. కానీ "ఇది సరుకు బండి, నాకు బండి ఇంకా రాలేదు" అని గుర్తు చేస్తూనే ఉంది. బీర పందిరి డబ్బులు వేరే డబ్బాలో వేస్తోంది. నాలుగు మీటర్ల లోపు కారు, 18 శాతం పన్నుది, రెండేళ్లకి, రంగు తను చెప్పిందే. ఇదీ మా ఒప్పందం. అబ్బాయి ఇంకా అలిగే ఉన్నాడు, ఉగాదికి వచ్చాడు గాని బండి ఎక్కలేదు.

ఆ కుర్రాడు మొన్న ఆదివారం తెల్లవారుజామున ఐదు క్రేట్ల బెండకాయలు పట్టుకొచ్చి మా బండి దగ్గర నిలబడ్డాడు. "మందు కొట్టినవి మన బల్ల మీద పెట్టను" అన్నాను. అవి వాడు రైతుబజార్ దగ్గర దించుకున్నాడు. దారిలో అడిగాడు, ఖరీఫ్‌కి ముందు యాభై సెంట్లలో నవధాన్యాలు చల్లితే విత్తనం ఎంత కావాలని. సరిపడా విత్తనం నా దగ్గరే ఉంది, ఇస్తానన్నాను.

వానాకాలం లోపు బండికి టార్పాలిన్ ఫ్రేమ్ కట్టించాలి. ఆకుకూరలకి గాలి ఆడాలి, వాన పడకూడదు. విశాఖలోగాని అనకాపల్లిలోగాని ఇలాంటిది చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎంతైందో, ఎలా చేయించారో చెప్పండి. వచ్చే వీడియో దాని మీదే చేద్దాం.